రోగ్ ఒక్కడు ముందు వెళ్తే మిగతా ముగ్గురం ఏం చేయాలి?

గదాధారి (కుందలహళ్లి గేట్, బెంగళూరు)

ఫ్లాట్‌లో ఈ గొడవ తెగట్లేదు, అందుకే ఈ ఫోరంకి తెచ్చా. మేం నలుగురం. శనివారం రాత్రి అన్నాలయ్యాక హాల్లో లాప్‌టాప్‌లు పెట్టుకుని బాల్డర్స్ గేట్ 3 అనే ఫాంటసీ వీడియో గేమ్ ఆడతాం. నేను ఫైటర్ (కత్తి యోధుడు), ఒకడు విజార్డ్ (మాంత్రికుడు), ఒకడు బార్డ్ (పాటగాడు), నాలుగోవాడు రోగ్, అంటే నక్కి నక్కి వెళ్లే దొంగ. వాడి ఐడీ నీడ. ఇక్కడే ఉంటాడు, చదువుతాడు, చదవనీ.

మొన్న గోబ్లిన్ల శిబిరానికి వచ్చాం, అందరం లెవెల్ 4. వాళ్ల ముగ్గురు నాయకుల్లో డ్రార్ రాగ్‌జ్లిన్‌ని లేపేయాలి. నీడ "మీరిక్కడే ఉండండి, చూసొస్తా" అన్నాడు. చూసొస్తా అన్నవాడు నలభై నిమిషాలైనా రాలేదు. పైన దూలాల మీదకెక్కాడు, దిగాడు, మళ్లీ ఎక్కాడు. నీళ్ల సీసా విసిరి ఒక దీపం ఆర్పాడు. గోబ్లిన్ చూపు ఎర్రటి విసనకర్రలా నేల మీద పడుతుంది కదా, అది అటు తిరిగేదాకా పెట్టె వెనక కూర్చున్నాడు. ఈలోగా విజార్డ్ రీల్స్ చూసుకుంటున్నాడు, బార్డ్ కుర్చీలోనే గురక. నేను లేచెళ్లి గిన్నెలు కడిగా. సింకు ఖాళీ అయింది గానీ వీడి పని అవలేదు. ఆఖరికి దొరికిపోయాడు. శిబిరమంతా మా మీద పడింది, మేమేమో గుమ్మం బయట ఎక్కడో ఉన్నాం.

నా ప్రశ్న ఒకటే. నలుగురు కలిసి ఆడే ఆటలో రోగ్ ఎంచుకోవడం స్వార్థమా, కాదా? నేనైతే స్వార్థమే అంటా.

నీడ

గిన్నెలు కడిగింది ఆ వారం నీ వంతు కాబట్టి. అది మాత్రం రాయలేదే ప్పా?

నేను ముందు పోయేది సరదాకి కాదు. చైన్ మెయిల్ (ఇనుప గొలుసుల కవచం) వేసుకున్నోడికి స్టెల్త్‌లో, అంటే చప్పుడు లేకుండా నక్కడంలో, డిసడ్వాంటేజ్: రెండు పాచికలు వేసి తక్కువది తీసుకోవాల. నిన్ను ఎంట పెట్టుకొని పోతే దొంగకు తలుపు తీసి దొరను లేపినట్టే ఉంటాది. పోయిన నెల సాలీళ్ల గుహలో గుర్తుందా? "నేను కూడా మెల్లగా వస్తా" అంటివి. మూడు అడుగులకే లేచినాయి.

ఇంకోటి. సారాయి తొట్టిలో విషం కలిపింది ఎవరు? ఆ రాత్రి బయట సగం మంది గోబ్లిన్లు ఒక్క కత్తి తగలకుండా పడిపోతే చప్పట్లు కొట్టింది మీరే. అప్పుడు స్వార్థం కాలేదా?

గదాధారి

విషానికి రెండు నిమిషాలు పట్టింది. అందుకే చప్పట్లు కొట్టాం.

లెక్కలయ్య (ఎలక్ట్రానిక్ సిటీ)

స్వార్థం సంగతి తర్వాత. "రోగ్ ఒక్కడే అందర్నీ చంపేస్తాడు, మాకేం మిగల్చడు" అనే మాట ఇలాంటి ప్రతి గొడవలోనూ వస్తుంది. ముందు దాన్ని తేల్చేద్దాం.

లెవెల్ 5. ఇద్దరికీ ప్రధాన బలం 18, అంటే ప్లస్ 4. ఫైటర్ చేతిలో పెద్ద రెండు చేతుల కత్తి: రెండు ఆరుముఖాల పాచికలు, సగటు 7, ప్లస్ 4, మొత్తం 11. ఎక్స్‌ట్రా అటాక్ ఉంది కాబట్టి రెండు దెబ్బలు, 22. రోగ్ చేతిలో రేపియర్ (సన్న కత్తి): ఎనిమిదిముఖాల పాచిక సగటు 4.5, ప్లస్ 4, దానిమీద స్నీక్ అటాక్ (దొంగదెబ్బ) మూడు ఆరుముఖాల పాచికలు 10.5. మొత్తం 19. ఎక్స్‌ట్రా అటాక్ రోగ్‌కి ఎప్పటికీ రాదు.

లెవెల్ 11కి రండి. ఇద్దరికీ ప్రధాన బలం 20, అంటే ప్లస్ 5 అనుకుందాం. ఫైటర్‌కి మూడు దెబ్బలు, 36. రోగ్ స్నీక్ అటాక్ ఆరు పాచికలవుతుంది, అయినా మొత్తం 30.5.

అన్ని దెబ్బలూ తగిలితేనే ఈ లెక్క. ఫైటర్‌కి ఒకటి తప్పినా ఇంకోటి ఉంటుంది. రోగ్‌ది ఒక్కటే, తప్పిందా ఆ టర్న్ గోవిందా. అందుకే వాడు చీకట్లో నక్కుతాడు. అడ్వాంటేజ్ ఉంటే రెండు పాచికలు వేసి పెద్దది తీసుకోవచ్చు, వందకి అరవై తగిలే దెబ్బ ఎనభై నాలుగు అవుతుంది. ఏమరుపాటున ఉన్నవాడి మీద అసాసిన్ (రోగ్‌లో ఒక రకం) కొడితే క్రిటికల్ దెబ్బ, పాచికలు రెట్టింపు, అదే లెవెల్ 11 దెబ్బ 56. నక్కడం వాడికి సరదా కాదు, పొట్టకూడు.

స్కైరిమ్ తాత

నేను 2011 నుంచి స్కైరిమ్ ఆడుతున్న, ఒక్కడే ఆడుకునే వీడియో గేమ్. దాంట్ల స్నీక్ చెట్టు (నక్కే నైపుణ్యాల మెట్లు) పైకి పోయినంక కత్తి ఎనక నుంచి పొడిస్తే పదిహేను రెట్లు. కొట్టుకాడ సేటు తలమీద గంప బోర్లిస్తే ఆయనకేం కనవడది, మొత్తం దుకాణం ఊడ్సుకపోవచ్చు. బాణం గుచ్చుకున్నోడు కూడా కాసేపు ఎతికి, ఏం లేదనుకొని మళ్ల కూసుంటడు. ఎంత సేపు నక్కినా అడిగేటోడు లేడు.

రోగ్ అంటే ఒంటరి ఆట భయ్. నల్గురిల పెట్టుకుంటే గిట్లనే ఉంటది.

అర్ధరాత్రి క్లెరిక్ (బీటీఎం లేఅవుట్)

తాతగారూ, ఒప్పుకోను. 1974లో ఈ ఆటకి మూలమైన డంజన్స్ అండ్ డ్రాగన్స్ మొదటిసారి వచ్చినప్పుడు అందులో ఉన్నవి మూడే తరగతులు: యోధుడు, మాంత్రికుడు, క్లెరిక్ (పూజారి). దొంగ తరగతి మరుసటి ఏడాది అనుబంధంలో వచ్చింది. తాళం తీయడం, ఉచ్చులు విప్పడం, తలుపుకి చెవి ఆనించి వినడం, ఇవీ దొంగ పనులు. అవన్నీ గుంపు కోసమే. అది బల్ల చుట్టూ కూర్చుని ఆడే ఆట, ఒంటరి ఆట కాదు. రోగ్ అని తరగతి పేరు మారింది 2000లో వచ్చిన మూడో ఎడిషన్‌లో.

ఇప్పుడు తేడా ఎక్కడొచ్చిందంటే, బాల్డర్స్ గేట్ 3లో పనిముట్లుంటే ఎవరైనా తాళం తీయొచ్చు. చేతివాటం రోగ్‌కి ఎక్కువేగానీ రోగ్ లేకపోతే తలుపు తెరుచుకోదని కాదు. మన కోసం చేసే పని పలచబడింది, తనకోసం నక్కే పని మిగిలింది. గదాధారికి మంట అక్కడ అనుకుంటా.

రైడ్ మానేసినవాడు

నేను కాలేజీ రోజుల్లో వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ అనే ఆన్‌లైన్ ఆటలో రోగ్‌నే. అక్కడా రోగే ముందు వెళ్లేవాడు. కనపడకుండా వెళ్లి నలుగురు శత్రువుల్లో ఒకణ్ని శాప్ చేస్తే, అంటే తలమీద ఒక్కటిచ్చి కాసేపు మత్తులో ఉంచితే, మిగతా గుంపు ముగ్గురితోనే తలపడేది. నేను వెళ్లకపోతే ట్యాంకే (గుంపు ముందు నిలబడి దెబ్బలు కాచుకునేవాడే) నన్ను తిట్టేవాడు. ముందు వెళ్లడం ఎప్పుడూ గొడవ కాలేదు, ఎందుకంటే పది సెకన్లలో అయిపోయేది.

ఇక్కడ మీ గొడవ రోగ్‌తో కాదు, గడియారంతో.

గదాధారి

అదీ మాట. ఆ పది సెకన్లు ఇస్తా, రెండు నిమిషాలూ ఇస్తా. నలభై నిమిషాలు ఇవ్వను. సోమవారం తొమ్మిదిన్నరకి స్టాండప్ కాల్, ఔటర్ రింగ్ రోడ్డులో రోజూ మూడు గంటలు పోతాయి, వారానికి ఆటకి మిగిలేది ఆ ఒక్క రాత్రి. దాన్ని ఒకడి పెట్టె వెనక ఖర్చుపెట్టాలా? పైగా దొంగదెబ్బ. నిద్రలో ఉన్నవాళ్ల మీద పడ్డ అశ్వత్థామకి ఏం దక్కిందో తెలుసుగా, నుదుటి మణి ఊడింది.

నీడ

మణి పోయింది గానీ పని అయింది గదా ప్పా. ఒక్క రాత్రిలో శిబిరం ఖాళీ.

అర్ధరాత్రి క్లెరిక్

అశ్వత్థామ పేరెత్తారు కాబట్టి అడుగుతున్నా, ఆ రాత్రి ఆయన ఒక్కడే వెళ్లాడా? కృపుడూ కృతవర్మా ఎక్కడున్నారు? శిబిరం వాకిట్లో. లోపల్నుంచి పారిపోయి వచ్చినవాళ్లని ఆపింది వాళ్లే. నీడ తమ్ముడూ, నీ అశ్వత్థామ కూడా తోటివాళ్లకి వాకిలి అప్పజెప్పాడు. రీల్స్ చూసుకోమని వదిలేసి పోలేదు.

మీ నలుగురిలో క్లెరిక్ లేరు, అదీ లోటే. ట్రిక్కరీ డొమైన్ అనే రకం క్లెరిక్‌కి పాస్ వితౌట్ ట్రేస్ అనే మంత్రం వస్తుంది. వేస్తే చుట్టూ ఉన్నవాళ్లందరి స్టెల్త్‌కీ ప్లస్ 10. చైన్ మెయిల్ ఫైటర్ కూడా పిల్లిలా నడుస్తాడు, పూర్తిగా కాదనుకోండి, లావుపాటి పిల్లి. ఆటలోనే ఉండే అలాంటి క్లెరిక్ పాత్ర షాడోహార్ట్‌ని వెంటేసుకోవాలంటే ఒకరు తప్పుకోవాలి. గురక పెట్టే బార్డ్‌గారిని అడిగి చూడండి.

గురక బార్డ్

నేను మేలుకునే ఉన్నా. కళ్లు మూసుకున్నానంతే.

లెక్కలయ్య

ఇంకో మాట. ఈ ఆటలో రోగ్ ఒక్కడే పోరులో ఇరుక్కుంటే వాడికి మాత్రమే టర్న్‌లు నడుస్తాయి, దూరంగా ఉన్న మిగతావాళ్లు మామూలుగా తిరగొచ్చు. అంటే ఆ సమయంలో మీరు చేతులు కట్టుకుని కూర్చోవాలని ఆట ఎక్కడా చెప్పలేదు. కూర్చున్నది మీరే.

గదాధారి

కూర్చోలేదు సార్, గిన్నెలు కడిగా.

నీడ (తర్వాతి ఆదివారం, మధ్యాహ్నం)

నిన్న రాత్రి ఆడినాం. పాత సేవ్ నుంచి మళ్లీ శిబిరానికే. బార్డ్ తప్పుకొని షాడోహార్ట్‌ని తీసుకున్నాడు, వాడికీ హాయి, మాకూ హాయి. ఫోన్లో పదిహేను నిమిషాల టైమర్ పెట్టినాం, మోగితే నేను యాడున్నా వెనక్కి రావాల. పన్నెండో నిమిషంలో దూలం మీద నుంచి బాణం ఏసినా. ఒప్పుకుంటా, టైమర్ ఉంటే నాకూ గుండె ఎక్కువ కొట్టుకుంది, బాగుంది.

గదాధారి

నావైపు కథ కూడా రాస్తా. గోబ్లిన్లు ఢంకా కొట్టారంటే శిబిరమంతా లేస్తుంది. నన్ను ఆ ఢంకా పక్కన నీడలో నిలబెట్టారు. పదకొండు నిమిషాలు కదల్లేదు. మంత్రం పుణ్యమా అని నా కవచం చప్పుడు ఎవరికీ వినపడలేదు. లోపల బాణం పడగానే ఒకడు పరుగెత్తుకుంటూ ఢంకా దగ్గరికే వచ్చాడు. చెయ్యి పైకెత్తాడు. ఒక్కటే దెబ్బ. రాత్రంతా నేను కొట్టిన దెబ్బల్లో అదొక్కటే గుర్తుంది. ఎదురుచూడటం ఎంత కష్టమో కూడా అప్పుడే తెలిసింది, వాడికి చెప్పకండి.

రోగ్ స్వార్థం కాదని మాత్రం ఇంకా ఒప్పుకోను. పొద్దున అందరి సంచులూ చూశాం. శిబిరంలో వ్యాపారి దగ్గర ఉండాల్సిన బంగారం లేదు, మా ముగ్గురి సంచుల్లోనూ లేదు. నీడ, ఎక్కడ్రా అది?

గురక బార్డ్

ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడు మావా.

నీడ

టైమర్‌లో ఇంకా మూడు నిమిషాలు మిగిలింటే ఊరికే కూర్చోవాల్నా ప్పా?