అప్‌డేట్: ఇంట్లో వసపిట్ట, స్కూల్లో మూగనోము

హైదరాబాద్ నుంచి డాలస్ వచ్చాక మా ఒకటో తరగతి పాప స్కూల్లో ఒక్క మాటా మాట్లాడటం లేదని కిందటేడు ఇక్కడ అడిగాను. సలహాలిచ్చిన అందరికీ థాంక్స్.

"పాపకు ఇవాల్యుయేషన్ (సమస్యేమిటో తేల్చే పరీక్ష) చేయమని స్కూల్‌ని రాతపూర్వకంగా అడగండి" అన్నదే పనిచేసింది. పబ్లిక్ స్కూల్ (ఇక్కడి ప్రభుత్వ బడి) కాబట్టి పైసా ఖర్చు కాలేదు. సైకాలజిస్ట్ తేల్చింది సెలెక్టివ్ మ్యూటిజం, అంటే కొన్నిచోట్ల బాగా మాట్లాడే పిల్లలు ఇంకొన్నిచోట్ల నోరు విప్పలేకపోవడం. మొండితనం కాదు, ఒక రకం యాంగ్జైటీ. కొత్త భాషలో పడ్డ పిల్లలు కొన్నాళ్లు మౌనంగా ఉండటం మామూలేనట. కానీ క్లాసులోని తెలుగు పిల్లలతో కూడా పాప నోరు విప్పకపోవడంతో ఆవిడకు అనుమానం వచ్చింది.

పాప భయం పోగొట్టడానికి, స్కూల్ బెల్ కొట్టకముందే ఖాళీ క్లాసులో నేనూ పాపా ఊనో (రంగు కార్డుల ఆట) ఆడేవాళ్లం, తెలుగులోనే. టీచర్ మొదట తలుపు దగ్గర కాగితాలు సర్దుకుంటూ ఉండేవారు, తర్వాత పక్క బల్ల దగ్గరికి, ఆ తర్వాత ఆటలోకి వచ్చారు. అప్పుడు నేను మెల్లగా బయటికి. పాప ఆవిడతో అన్న మొదటి మాట "రెడ్", అదీ గుసగుసగా! ఇప్పుడు టీచర్‌తో, ఇద్దరు ఫ్రెండ్స్‌తో మాట్లాడుతోంది. క్లాసు ముందు నిలబడి మాత్రం ఇంకా లేదు.

వినికిడి పరీక్ష నార్మల్. ఇంట్లో తెలుగు మానేయమన్న సలహాను సైకాలజిస్టే వద్దన్నారు. "హలో చెప్తే చాక్లెట్" అని బంధువులు వెంటపడటం మాత్రం గట్టిగా చెప్పి ఆపించాను.