డెస్మన్‌ని పిల్లలకు "నీటి ఎలుక" అని చెప్పొచ్చా?

వెన్నెల టీచర్ · శుక్రవారం రాత్రి 9:10

నమస్కారం. మా బడిలో నాలుగు, ఐదు తరగతుల పిల్లలు నెలకొక గోడపత్రిక తెస్తారు. ఈ నెల విషయం "కనుమరుగవుతున్న జంతువులు". పులి, బట్టమేక పిట్ట అందరూ రాసేవే కదా అని డెస్మన్ గురించి రాశాను. గోడకు అతికించే ముందు ఇక్కడ పెడుతున్నాను. తప్పులుంటే చెప్పండి.

"డెస్మన్ ఒక నీటి ఎలుక. రష్యాలో వోల్గా, డాన్, ఉరల్ నదుల పక్కన ఉండే మడుగుల్లో బతుకుతుంది. ఒళ్లు జానెడు, తోక ఇంకో జానెడు, బరువు అరకిలో. కళ్లు ఉన్నా సరిగా కనపడవు. చిన్న తొండం లాంటి ముక్కుతో తడిమి నత్తల్ని, జలగల్ని, నీటిపురుగుల్ని పట్టుకుని తింటుంది. వెనక కాళ్ల వేళ్ల మధ్య బాతుకు ఉన్నట్టు చర్మం ఉంటుంది. దాని ఇంటి గుమ్మం నీళ్ల అడుగున, పడకగది మాత్రం నీటికి పైన, గట్టు లోపల. చలికాలంలో మడుగు గడ్డకట్టాక మంచు కింద ఒకే దారిలో తిరుగుతూ గాలి బుడగలు వదులుతుంది. ఆ గాలి కోసం పురుగులు ఆ దారికే చేరతాయి, దానికి తిండి దొరుకుతుంది. ఒకప్పుడు బొచ్చు కోసం దీన్ని వేలకు వేలు చంపారు. ఇప్పుడు జాలర్లు వలలు వేసి చంపేస్తున్నారు. దీని చుట్టం ఒకటి స్పెయిన్, పోర్చుగల్, ఫ్రాన్స్ కొండవాగుల్లో ఉంది. లోకంలో ఈ రెండు రకాలే మిగిలాయి."

పాత జువాలజీ మాస్టారు · రాత్రి 9:42

వెన్నెలగారూ, మంచి ప్రయత్నం. కానీ మొదటి వాక్యమే తప్పు. డెస్మన్ ఎలుక కాదు. నేల కింద సొరంగాలు తవ్వుకునే మోల్ అనే చిన్న జంతువు కుటుంబానికి చెందినది. ఎలుకకు పైన రెండు, కింద రెండు కొరికే పళ్లు ఉంటాయి, అవి జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి. డెస్మన్ పురుగులు తినే జీవి, దాని పళ్ల తీరే వేరు. మన ఇళ్లలో గోడవారగా పోతూ కంపు కొట్టే చుంచు దీనికి బంధువు. దయచేసి మార్చండి. నేను ముప్పై ఏళ్లు ఇంటర్ పేపర్లు దిద్దాను. గబ్బిలం పక్షి, తిమింగలం చేప అని రాసినవి ప్రతి ఏడూ చూశాను. అదంతా నాలుగో తరగతిలో పడిన బీజం. ఆ వయసులో ఎక్కిన తప్పు పోదు.

చిన్నక్క · రాత్రి 9:50

బుడగల సంగతి చాలా బాగుంది టీచర్. మా వాడికి చదివి వినిపించాను, రెండోసారి చదవమన్నాడు.

గట్టుమీది రాజు · రాత్రి 10:15

మాస్టారూ, మీరు చెప్పింది కరెక్టే అయ్యుండొచ్చు. కానీ పిల్లలకు ముందు ఒక రూపం కళ్ల ముందు కనపడాలి కదండీ. మోల్ అంటే ఏం కనపడుతుంది? మన రెండు రాష్ట్రాల్లో ఆ జంతువే లేదు. మేం గోదాట్లో చూసేదాన్ని నీరుకుక్క అంటాం. అది కుక్కా? సముద్రపు గుర్రం గుర్రమా? వెండిచేప పురుగు చేపా? ఎవరూ మోసపోలేదు. "నీటి ఎలుక" అంటే తప్పేం లేదు.

పాత జువాలజీ మాస్టారు · రాత్రి 10:48

రాజుగారూ, నీరుకుక్క జనం వందల ఏళ్లు చూసి పెట్టుకున్న పేరు. దాన్ని నేను మార్చమనను. డెస్మన్‌ని మనవాళ్లు ఎవరూ చూడలేదు, ఎవరూ పేరు పెట్టలేదు. ఇప్పుడు మొదటిసారి పెడుతున్నాం. కొత్తగా పెట్టేటప్పుడే తప్పు పేరు ఎందుకు? "నీటి చుంచు" అనండి. అది మన మాటే, శాస్త్రానికి కూడా దగ్గర. మన దేశంలో మోల్స్ హిమాలయాల తూర్పు వైపు, ఈశాన్యంలో ఉన్నాయి కాబట్టి మనకు వాటికి పేరు లేదు. చుంచుకు ఉంది.

ఇంకో సంగతి. ఎలుక అనగానే మన పిల్లలకు గుర్తొచ్చేది బోను, మందు బిస్కెట్టు. అలాంటి పేరు తగిలించి, తర్వాత దాన్ని కాపాడాలి అంటే ఎవరు వింటారు?

వొరోనెజ్ డాక్టర్ · రాత్రి 11:05

నేను రష్యాలో వొరోనెజ్‌లో వైద్యం చదివాను. అక్కడ దీన్ని "విఖుఖల్" అంటారు. ఆ ప్రాంతంలోనే ఖొప్యోర్ నది మీద ఉన్న అభయారణ్యాన్ని 1935లో ప్రత్యేకంగా దీని కోసమే పెట్టారు. పేరు విషయంలో పొరపాటు పడింది మనమే కాదు మాస్టారూ. జీవులకు శాస్త్రీయ పేర్లు పెట్టిన లిన్నేయస్ 1758లో దీన్ని బీవర్ల (ఏటికి అడ్డుకట్టలు కట్టే, ఎలుకల్లాంటి కొరికే పళ్లున్న జంతువుల) జాతిలో కలిపి "కాస్టర్ మాస్కాటస్" అన్నాడు. కొండవాగుల్లో ఉండే రకాన్ని ఫ్రెంచివాళ్లు "బూర ఎలుక" అంటారు, పోర్చుగీసువాళ్లు "నీటి మోల్" అంటారు. ఫ్రాన్స్, స్పెయిన్ మధ్య ఉన్న పిరెనీస్ కొండలకు అటువైపు ఒక పేరు, ఇటువైపు ఒక పేరు.

గట్టుమీది రాజు · రాత్రి 11:12

చూశారా. ఫ్రెంచివాళ్లు కూడా ఎలుకే అన్నారు.

పాత జువాలజీ మాస్టారు · రాత్రి 11:20

పోర్చుగీసువాళ్లు సరిగ్గా అన్నారు. అది కూడా చూడండి.

సత్యవతి · శనివారం ఉదయం 6:30

చుంచు అంటే మా వైపు తిట్టు. పిల్లలు ఒకరినొకరు అనుకుంటారు. డెస్మన్ అనే ఉంచితే పోలా? డైనోసార్ అనడం లేదా మన పిల్లలు?

పాత జువాలజీ మాస్టారు · ఉదయం 7:15

సత్యవతిగారి మాట ఒప్పుకుంటాను. డెస్మన్ అనే ఉంచి, "చుంచుకు చుట్టం" అని పక్కన రాయండి. పైగా కంపు కూడా కలుస్తుంది. రష్యా డెస్మన్‌కి తోక మొదట్లో గ్రంథులు ఉంటాయి, కస్తూరి వాసన గాఢంగా వస్తుంది. డెస్మన్ అన్న పేరే స్వీడిష్ భాషలో కస్తూరి నుంచి వచ్చింది. చుంచుని పిల్లి పట్టినా తినకుండా వదిలేయడం చూసిన పిల్లలకు ఈ పోలిక వెంటనే అర్థమవుతుంది.

నేను ఇంత పట్టుబట్టడానికి కారణం ఉంది. 2023లో ప్రకృతి రక్షణ కోసం పనిచేసే అంతర్జాతీయ సంస్థ ఐయూసీఎన్ రష్యా డెస్మన్‌ని "అత్యంత ప్రమాదంలో ఉన్న" జాబితాలోకి తెచ్చింది. దాని తర్వాతి మెట్టు, అడవిలో ఒక్కటీ లేకపోవడమే. పిరెనీస్ రకం కూడా ప్రమాదంలో ఉన్న జాబితాలోనే ఉంది. ఏది ఎలుకో ఏది కాదో తెలియని జనం చేతిలోనే ఇలాంటివి పోతాయి. వలలో పడితే "ఏదో ఎలుక" అని ఒడ్డున పారేసి పోయేది అలాంటివాళ్లే.

గట్టుమీది రాజు · ఉదయం 8:02

"అలాంటివాళ్లు" అంటే ఎవరు మాస్టారూ?

రాత్రంతా ఎలుక, చుంచు అని మాట్లాడుకున్నాం. నేను కూడా దాని మీదే వాదించాను. నాకు గుచ్చుకున్నది అది కాదని ఇప్పుడు తెలుస్తోంది. "జాలర్లు వలలు వేసి చంపేస్తున్నారు" అన్న వాక్యం ఎవరికీ కనపడలేదా? ఎలుక అన్నందుకు పేజీలు రాశారు, దీని మీద ఒక్కరూ ఒక్క అక్షరం రాయలేదు.

నేను ఆరో తరగతిలో ఉండగా బడికి ఎవరో వచ్చి పర్యావరణం మీద ఉపన్యాసం ఇచ్చారు. ఏట్లో చేప ఎందుకు తగ్గిందో చెబుతూ "వలలవాళ్లు ఊడ్చేస్తున్నారు" అన్నారు. క్లాసంతా వెనక్కి తిరిగి నన్ను చూసింది. మా నాన్న విసురు వల మనిషి. ఆ సాయంత్రం నాన్న వల భుజాన వేసుకుని ఎదురొస్తుంటే నేను పక్క సందులోకి తప్పుకున్నాను. నాన్న చూశాడు. ఏమీ అనలేదు. ఇప్పటికి ఇరవై ఆరేళ్లు. టీచర్‌గారి బడి ఏటి ఒడ్డున అయితే ఆ గోడ ముందు నాలాంటివాడు ఒకడైనా నిలబడతాడు.

కిరణ్ హైదరాబాద్ · ఉదయం 8:20

రాజు అన్నా, ఇది రష్యా సంగతి కదా. మన జాలర్లని ఎవరన్నారు?

గట్టుమీది రాజు · ఉదయం 8:26

తొమ్మిదేళ్ల పిల్లాడికి రష్యా జాలరి, ఊరి జాలరి వేరు కాదు తమ్ముడూ. మాట ఒకటే.

పాత జువాలజీ మాస్టారు · ఉదయం 9:10

మీకు జరిగినదానికి బాధపడుతున్నాను రాజుగారూ. కానీ ఒక్క మాట కచ్చితంగా చెప్పాలి. వల సంగతి తీసేయమంటే నేను ఒప్పుకోను. అది అబద్ధం అవుతుంది. డెస్మన్ కొద్ది నిమిషాలకు మించి ఊపిరి బిగబట్టలేదు. నీళ్లలో నిలబెట్టిన వలకు చిక్కుకుంటే పైకి రాలేదు, మునిగి చచ్చిపోతుంది. ఇవాళ దాన్ని ఎక్కువగా చంపుతున్న కారణాల్లో అది ముందుంటుంది. ఎవరి మనసో నొచ్చుకుంటుందని శాస్త్రాన్ని దాచలేం.

వొరోనెజ్ డాక్టర్ · ఉదయం 9:35

మాస్టారు చెప్పింది నిజం. అయితే ఆ వలలు ఏమిటో కూడా చెప్పాలి. అక్కడ వాడేది సన్నటి నైలాన్ తీగ వల, మన తంగూసు వల లాంటిది. చవకగా దొరుకుతుంది. సరదాగా చేపలు పట్టే ఎవరైనా సాయంత్రం మడుగులో కట్టి వెళ్లిపోతారు. కొందరు మళ్లీ తీసుకోవడానికి కూడా రారు. దాన్ని వేసేవాళ్లందరూ తరతరాల జాలర్లు కారు. కొందరు కరెంటు పెట్టి కూడా పడతారు.

వల ఒక్కటే కారణం కూడా కాదు. బొచ్చు వ్యాపారం దీన్ని అడుగంటించాక 1920లో వేట ఆపారు. 1929 నుంచి మొదలుపెట్టి కొన్ని దశాబ్దాల్లో పది వేలకు పైగా డెస్మన్లను పట్టి, కొత్త చోట్ల వదిలారు. కానీ దాదాపు అదే కాలంలో, అదే బొచ్చు కోసం ఉత్తర అమెరికా నుంచి, నీళ్లలో బతికే పెద్ద ఎలుకజాతి జంతువైన మస్క్‌రాట్‌ని తెచ్చి వదిలారు. అది గట్లలో డెస్మన్ బొరియల్ని ఆక్రమించింది. తర్వాత డ్యాములు వచ్చాయి. ఏటా వరద వచ్చి నిండే మడుగులు ఎండాయి. ఒడ్డు వరకు దున్నేశారు, పశువులు గట్లు తొక్కేశాయి. పిరెనీస్ వాగుల్లో అయితే జలవిద్యుత్తు కోసం నీళ్లు మళ్లించడం పెద్ద సమస్య. బొచ్చు ఫారాల నుంచి తప్పించుకున్న అమెరికా మింక్ (ముంగిస లాంటి వేట జంతువు) వచ్చి వేటాడటం ఇంకొకటి.

గట్టుమీది రాజు · ఉదయం 10:20

డాక్టర్‌గారికి దండం. నేను వల తీసేయమనలేదు మాస్టారూ. ఒకసారి ఆ రెండు వాక్యాలు పక్కపక్కన పెట్టి చదవండి.

"బొచ్చు కోసం చంపారు." ఎవరు చంపారు? పేరు లేదు. వర్తకుడా, కోటు తొడుక్కున్నవాడా, మస్క్‌రాట్‌ని తెచ్చిన అధికారా, ఎవరూ లేరు.

"జాలర్లు చంపేస్తున్నారు." ఇక్కడ పేరు ఉంది.

డ్యాము కట్టినవాళ్ల వాక్యమే లేదు. పెద్దవాళ్లు చేస్తే దానంతటదే జరిగినట్టు రాస్తాం. చేపలు పట్టుకునేవాడు చేస్తే కులం పేరులాంటి పేరుతో రాస్తాం. నాకు నొప్పి అక్కడ.

ఇంకోటి. వల అంటే ఒకటి కాదు. మా నాన్నది విసురు వల. విసిరిన నిమిషంలో లాగేస్తారు. అందులో ఏ జంతువు పడినా బతికే బయటికొస్తుంది, మా నాన్న నీరుకుక్క పిల్లను అలాగే వదిలేశాడు. లాగుడు వల కూడా మనిషి చేతిలోనే ఉంటుంది. రాత్రంతా కట్టి వదిలేసే వల వేరు. పాత రోజుల్లో నూలు వల రోజూ తీసి ఆరబెట్టకపోతే కుళ్లిపోయేది, కాబట్టి మనిషి దాన్ని వదిలిపెట్టి పోయేవాడు కాదు. తంగూసుకు ఆ పని లేదు. తెగదు, కుళ్లదు, నీళ్లలో కనపడదు. మనిషి మరిచిపోయినా అది పట్టుకుంటూనే ఉంటుంది. చంపేది వల దగ్గర మనిషి లేకపోవడం. ఇది జువాలజీ పుస్తకంలో ఉండకపోవచ్చు, ఏటిగట్టు మీద ఎవరినడిగినా చెబుతారు.

పాత జువాలజీ మాస్టారు · ఉదయం 11:30

చదివాను. రెండుసార్లు చదివాను.

వాక్యంలో కర్త గురించి మీరన్నది సరైనది. నేను పళ్లు లెక్కపెడుతూ అది చూడలేదు. "అలాంటివాళ్లు" అన్న నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. కానీ "వల దగ్గర మనిషి లేకపోవడమే చంపుతుంది" అన్నదాంతో పూర్తిగా ఏకీభవించను. మనిషి ఉన్నా, వల నీటి అడుగున ఉంటే అతనికి తెలిసేలోపే జంతువు చనిపోవచ్చు. నీటి అడుగున పెట్టే మావుల్లో (చేపలు పట్టే బుట్టల్లో) పడినా అంతే. అలాంటివి డెస్మన్ ఉండే మడుగుల్లో అసలు పెట్టకూడదు. అది కూడా పిల్లలకు చెప్పాలి.

గట్టుమీది రాజు · ఉదయం 11:41

దానికి నేను అడ్డు చెప్పను. మావు సంగతి నిజమే.

చిన్నక్క · మధ్యాహ్నం 12:05

రాజు తమ్ముడూ, నాన్నగారు ఉన్నారా?

గట్టుమీది రాజు · మధ్యాహ్నం 12:09

ఉన్నారక్కా. ఇప్పుడు ఏట్లోకి దిగడం లేదు. ఇంటి దగ్గర వలలు అల్లుతారు.

వెన్నెల టీచర్ · సాయంత్రం 5:50

బడి అయ్యాక అందరివీ చదివాను. నా రెండు తరగతుల్లో ఇరవై నాలుగు మంది పిల్లలు. అందులో తొమ్మిది ఇళ్లలో వల ఉంది. ఆ వాక్యం రాసేటప్పుడు ఆ తొమ్మిది మొహాలు నాకు గుర్తు రాలేదు. రాజుగారూ, క్షమించండి.

ఇలా మార్చాను:

"డెస్మన్ మన ఇళ్లలో కనిపించే చుంచుకు చుట్టం. ఎలుక కాదు. వ్యాపారులు దీని బొచ్చు అమ్ముకోవడానికి వేలకు వేలు చంపించారు. అదే బొచ్చు వ్యాపారం కోసం అధికారులు వేరే దేశం నుంచి మస్క్‌రాట్‌ని తెచ్చి వదిలారు, అది డెస్మన్ ఇళ్లను లాక్కుంది. డ్యాములు కట్టినవాళ్లు వరద నీళ్లను ఆపేశారు, మడుగులు ఎండిపోయాయి. ఇప్పుడు కొందరు నీళ్లలో నైలాన్ వల కట్టి వదిలి వెళ్లిపోతున్నారు. డెస్మన్‌కి మనలాగే గాలి కావాలి. వలలో చిక్కితే పైకి రాలేక చనిపోతుంది. చేత్తో విసిరి వెంటనే లాగే వలతో ఆ ప్రమాదం లేదు."

మాస్టారూ, మావుల సంగతి పిల్లలకు నోటితో చెబుతాను. గోడ మీద చోటు చాలలేదు.

పాత జువాలజీ మాస్టారు · సాయంత్రం 6:15

బాగుంది. మావుల గురించి ఒక్క వాక్యమైనా ఇరికించండి, అక్షరాలు చిన్నవి చేసైనా సరే.

సత్యవతి · సాయంత్రం 6:20

చుంచు మళ్లీ వచ్చింది. సరే, "చుట్టం" అన్నారు కాబట్టి ఫర్వాలేదు.

గట్టుమీది రాజు · సాయంత్రం 7:02

టీచర్‌గారూ, చివరి వాక్యం పక్కన విసురు వల బొమ్మ ఉంటే బాగుంటుంది. చాలా బొమ్మల్లో వలని సంచిలా గీస్తారు, అంచున గుళ్లు వేయరు. నాన్న వల విప్పి పరిచి ఫోటో తీసి పంపిస్తాను. ఇప్పుడు వెలుతురు లేదు, రేపు పొద్దున.