గెట్ అని మొదలయ్యే మెథడ్ కొత్త రికార్డును సృష్టించవచ్చా?

ప్రశ్న:
మా జావా ప్రాజెక్టులో గెట్‌కస్టమర్ అనే మెథడ్ (పేరుతో పిలిస్తే ఒక పని చేసిపెట్టే కోడ్ భాగం) ఉంది. ఫోన్ నంబరు ఇస్తే ఖాతాదారు వివరాలను తిరిగి ఇస్తుంది. ఆ నంబరు డేటాబేసులో లేకపోతే మాత్రం పేరు ఖాళీగా ఉంచి కొత్త రికార్డును చేర్చి, దాన్నే ఇస్తుంది. నెలవారీ నివేదికను తయారుచేసే కోడ్ కూడా దీన్నే పిలుస్తున్నందువల్ల, తప్పుగా నమోదైన ప్రతి నంబరుకూ ఒక ఖాళీ ఖాతా పుట్టుకొస్తోంది. పేరు మార్చాలని నేను, డాక్యుమెంటేషన్‌లో ఒక వాక్యం చేరిస్తే చాలునని సహోద్యోగులు వాదిస్తున్నాము. మీ అభిప్రాయం తెలుపగలరు.

సమాధానం 1:
పేరే మార్చండి. మెథడ్‌ను పిలిచే చోట కనిపించేది పేరు ఒక్కటే. కోడ్‌ను సమీక్షించేవారు ప్రతిసారీ డాక్యుమెంటేషన్ తెరిచి చూడరు. జావాలో థ్రెడ్‌ను, అంటే ప్రోగ్రాములో విడిగా నడిచే పనిని, సూచించే థ్రెడ్ క్లాసులో ఈజ్‌ఇంటరప్టెడ్, ఇంటరప్టెడ్ అని రెండు మెథడ్లున్నాయి. థ్రెడ్‌కు ఇంటరప్ట్ (ఆగమనే సూచన) వచ్చిందో లేదో రెండూ చెబుతాయి గానీ, రెండోది చెప్పడంతో పాటు ఆ సూచన వచ్చిందన్న గుర్తును (ఫ్లాగును) చెరిపేస్తుంది. పేరు చూసి ఆ సంగతి ఊహించడం ఎవరి తరమూ కాదు. దశాంశ సంఖ్యలకు వాడే బిగ్‌డెసిమల్ క్లాసులో, దశాంశ స్థానాలను నిర్ణయించే సెట్‌స్కేల్‌ది ఇందుకు విరుద్ధమైన సమస్య. సెట్ అన్న పేరున్నా అది ఉన్న విలువను మార్చదు, కొత్త విలువను తిరిగి ఇస్తుంది. డాక్యుమెంటేషన్‌లో ఈ విషయం స్పష్టంగానే రాసి ఉన్నా, తిరిగి వచ్చిన విలువను వాడుకోకుండా వదిలేసిన కోడ్ నాకు సమీక్షల్లో ఎదురవుతూనే ఉంది.

సమాధానం 2:
ఏకీభవిస్తున్నాను. అయితే నివేదికకు కావలసింది వెతకడం మాత్రమే కాబట్టి, ఆప్షనల్‌ను (విలువ ఉండవచ్చు, లేకపోవచ్చు అని తెలిపే రకాన్ని) తిరిగి ఇచ్చే ఫైండ్‌కస్టమర్‌ను విడిగా రాయండి. ఖాతా తెరిచే చోట ఇప్పటి మెథడే గెట్‌ఆర్‌క్రియేట్‌కస్టమర్ అనే పేరుతో ఉండనివ్వండి. వెబ్‌సైట్లు రాయడానికి వాడే పైథాన్ ఫ్రేమ్‌వర్క్ జాంగోలోనూ గెట్‌ఆర్‌క్రియేట్ అనే ఇలాంటి మెథడ్ ఉంది. దొరికిన వస్తువుతో పాటు, అది ఇప్పుడే సృష్టించినదా కాదా అన్నది కూడా తిరిగి ఇస్తుంది. పేరులో రెండు పనులున్నాయని దీన్ని విడదీయకండి: వెతకడానికీ చేర్చడానికీ మధ్య మరో అభ్యర్థన అదే నంబరును చేర్చవచ్చు. నంబరు కాలమ్‌కు యూనిక్ నిబంధన (ఒకే నంబరు రెండుసార్లు చేరకుండా ఆపేది) తప్పనిసరి.

ప్రశ్న అడిగినవారు:
పాత పేరును చాలా చోట్ల పిలుస్తున్నారు. ఐడీఈలోని (కోడ్ రాసే సాఫ్ట్‌వేర్‌లోని) రీనేమ్‌తో అన్నిటినీ ఒకేసారి మార్చవచ్చునా?

సమాధానం 2:
వద్దు. అలా చేస్తే నివేదిక కూడా కొత్త పేరుతో ఖాళీ ఖాతాలను సృష్టిస్తూనే ఉంటుంది. పాత మెథడ్‌ను డెప్రికేటెడ్‌గా (ఇక వాడవద్దని) గుర్తించి, లోపల కొత్తదాన్ని పిలిచేలా ఉంచండి. పిలిచే ప్రతి చోటా ఏది అవసరమో చూసి మార్చుకుంటూ వెళ్లి, పిలిచేవారెవరూ మిగలనప్పుడు దాన్ని తొలగించండి.