సోషల్ యాంగ్జైటీకి తెలుగు మాట: జపాన్‌లోనూ ఇదే చిక్కు

హైదరాబాద్ అనువాదకురాలు:
అందరికీ నమస్కారం. జపాన్‌లో సోషల్ యాంగ్జైటీ డిజార్డర్ (ఇతరుల ముందు మాట్లాడాలన్నా తినాలన్నా విపరీతంగా భయపడే జబ్బు) ఉన్నవాళ్లకు సీబీటీ అనే మాటల చికిత్స ఎంతవరకు పనిచేసిందన్న పరిశోధనల మీద ఒక మాసపత్రికకు వ్యాసం రాస్తున్నాను. మొదటి వాక్యంలోనే బండి ఆగిపోయింది. పాఠ్యపుస్తకాల్లో కనిపించేది "సామాజిక ఆందోళన రుగ్మత". అది చదివి వినిపిస్తే మా మేనత్త "ఎవరిదే ఆందోళన, అంగన్‌వాడీ వాళ్లదా?" అంది. పేపరు చదివే మామూలు మనిషికి వెంటనే తట్టే మాట ఏదైనా ఉందా? సీబీటీకి "సంజ్ఞానాత్మక ప్రవర్తనా చికిత్స" అని రాయాలా, సీబీటీ అనే వదిలేయాలా?

విజయనగరం మాస్టారు:
మీ మేనత్తగారికే వ్యాసం దిద్దే పని అప్పజెప్పండమ్మా. ఆవిడకు అర్థమైందే సరైన అర్థం. ఆందోళనం అంటే మొదట ఊగడమే. డోల అంటే ఉయ్యాల కదా, అదే కుటుంబం. మనసు ఊగినా ఆందోళనే, జనం ఊగినా ఆందోళనే. "తల్లిదండ్రుల్లో ఆందోళన" అన్న హెడ్డింగ్ చూసి పిల్లల గురించి దిగులు పడుతున్నారా అనుకుంటాం. "తల్లిదండ్రుల ఆందోళన" అన్నారా, స్కూలు గేటు ముందు బైఠాయించారన్నమాటే. ఇక ముందు "సామాజిక" తగిలిస్తే ఆ మాట ఇంట్లో ఉండదు, రోడ్డెక్కుతుంది.

సంజ్ఞానాత్మకం సంగతి ఎత్తకండి. నోరు తిరగని చికిత్సకు ఎవరు వెళ్తారు? సీబీటీ అనే రాయండి. ఆలోచించే తీరునూ నడుచుకునే తీరునూ మార్చే చికిత్స అని ఒక్కసారి విడమరిస్తే చాలు.

చిబా నుంచి ఒక సభ్యుడు:
నేను జపాన్‌లో ఉంటాను, ఆసుపత్రి కాగితాలు అనువదిస్తుంటాను. మేడమ్, మీ కాలు తట్టుకున్న రాయికే ఇక్కడి డాక్టర్ల కాలూ తట్టుకుంది. షకాయ్ అంటే సమాజం, ఫుఆన్ అంటే ఆందోళన, షోగాయ్ అంటే రుగ్మత. ఇంగ్లీషు పేరుకు మాటకు మాట పెట్టి షకాయ్ ఫుఆన్ షోగాయ్ అన్నారు. అచ్చం మన సామాజిక ఆందోళన రుగ్మతే. తీరా చూస్తే షకాయ్ ఫుఆన్ అన్న జంట జపనీస్‌లో ముందునుంచే ఉంది. దేశంలో పరిస్థితులు బాగోక జనంలో అలజడి రేగితే వాడే మాట అది. 2008లో జపాన్ మానసిక వైద్యుల సంఘం షకాయ్‌ని తీసేసి షకో పెట్టింది. షకో అంటే నలుగురితో కలవడం, మెలగడం. రాతలో మారింది ఒక్క అక్షరమే, అర్థం మాత్రం వీధిలోంచి మనిషి దగ్గరికి వచ్చింది.

2014లో డీఎస్ఎం-5 (అమెరికా మానసిక వైద్యుల సంఘం వేసే మానసిక జబ్బుల పుస్తకం) పేర్లను జపనీస్‌లోకి తెచ్చినప్పుడు చివరి షోగాయ్‌ని కూడా మార్చి, జబ్బు అనే అర్థంలో షో అన్నారు. షోగాయ్‌ని వైకల్యానికీ వాడతారు. ఆ మాట వింటే ఇక ఇది నయం కాదేమోనని పిల్లలు, తల్లిదండ్రులు బెదిరిపోతారని మార్చారు. పేర్లు మార్చడం ఇక్కడ కొత్త కాదు. స్కిజోఫ్రీనియాకు ఉన్న "మనసు చీలిన జబ్బు" అన్న పాత పేరును 2002లోనే తీసేశారు. కాబట్టి మీరు "రుగ్మత" దగ్గర కూడా ఒకసారి ఆగి ఆలోచించండి.

ఇంకో మాట కూడా మీ వ్యాసంలోకి రాక తప్పదు: తైజిన్ క్యోఫుషో. ఎదుటి మనిషి ముందు కలిగే భయం అని అర్థం. ఇంగ్లీషు పేరు ఇక్కడికి రాకముందే ఉన్న మాట. మొరిత మసతకే అనే డాక్టరు (1874–1938) ఇలాంటి వాళ్లకూ పనికొచ్చేలా 1919 ప్రాంతంలో ఒక చికిత్స రూపొందించాడు. ఇందులో రకాలున్నాయి. ముఖం ఎర్రబడుతుందని భయం ఒకటి, దాన్ని సెకిమెన్ క్యోఫు అంటారు. తన చూపు ఎదుటివాళ్లకు ఇబ్బందిగా ఉంటుందని ఒకటి, ఒంటి వాసన వాళ్లను బాధపెడుతుందని ఒకటి, తన రూపం బాగోలేదని ఒకటి. చూశారా, తన పరువు పోతుందన్న దిగులు కన్నా, తన వల్ల అవతలివాళ్లకు కష్టం కలుగుతుందన్న దిగులే వీళ్లలో చాలామందికి ఎక్కువ. అమెరికా వాళ్ల డీఎస్ఎం-4 దీన్ని 1994లో వెనక పేజీల్లో, ఒక్కో సంస్కృతికి ప్రత్యేకమైన జబ్బుల పట్టికలో పెట్టింది. 2013లో డీఎస్ఎం-5 వచ్చేసరికి సోషల్ యాంగ్జైటీ నిర్వచనంలోనే "ఇతరులను నొప్పిస్తానేమో" అన్న భయాన్నీ చేర్చారు.

హైదరాబాద్ అనువాదకురాలు:
చాలా థాంక్సండీ. అవతలివాళ్లకు ఇబ్బంది కలుగుతుందని కుంచించుకుపోవడం అంటే మన మొహమాటం కదూ? తైజిన్ క్యోఫుషోకి "మొహమాట భయం" అంటే ఎలా ఉంటుంది?

విజయనగరం మాస్టారు:
ఊహ బాగుంది. మొహమాటానికి పాత రూపం మొగమోటం. మొగం అందులోనే ఉంది. ఎదుట మొగం ఉంటే తప్ప మొహమాటం ఉండదు, ఫోన్లో మెసేజ్‌కి "కుదరదు" అనేవాడు ఎదురుపడి అడిగితే "సరే" అంటాడు. కానీ మన మొహమాటానికి పోయి నష్టపోయేది మనమే. సామెత ఏం చెబుతుందో మీకు తెలుసు, ఇక్కడ రాయను.

గుంటూరు డాక్టరు:
మాస్టారూ, అమ్మా, మొహమాటం వద్దు. పెళ్లిలో మొహమాటానికి రెండో లడ్డు తినేవాడికి చికిత్స అక్కర్లేదు. మన దగ్గర అది సగం మర్యాద కూడా. ఆ పేరు పెడితే ఇంట్లోవాళ్లు "మొహమాటమేగా, పెద్దయితే అదే పోతుంది" అని పదేళ్లు ఊరుకుంటారు. సిగ్గు, బిడియం కూడా ఇంతే. సంబంధాలు చూసేటప్పుడు "పిల్ల బిడియస్తురాలు" అని మెచ్చుకోలుగా చెబుతారు. సభాకంపం మంచి మాటే గానీ స్టేజీ దిగితే పనికిరాదు. ఈ జబ్బున్న మనిషికి హోటల్లో పదిమంది మధ్య కాఫీ కప్పు ఎత్తడం కూడా కష్టమే.

కప్పు మాట వచ్చింది కాబట్టి చికిత్స గురించి చెబుతాను, మాట దొరకడానికి అదీ అవసరమే. చెయ్యి వణుకుతుందేమోనని కప్పును గట్టిగా బిగించి పట్టుకుంటారు. బిగించేకొద్దీ వణుకు ఎక్కువవుతుంది. ముఖం కనిపించకుండా జుట్టు ముందుకు వేసుకోవడం, మాట తడబడుతుందని ప్రతి వాక్యాన్నీ లోపల వల్లెవేసుకుని అప్పుడు పైకి అనడం, ఇవన్నీ ఆ కోవలోవే. ఇంగ్లీషులో వీటికి పెద్ద పేరుంది. మన పేషెంట్లు మాత్రం "జాగ్రత్తగానే ఉంటున్నా డాక్టర్" అంటారు. అందుకే నేను "అతిజాగ్రత్తలు" అంటాను. క్లార్క్, వెల్స్ అనే సైకాలజిస్టులు 1995లో చెప్పిన నమూనాలో అసలు కీలకం ఇదే. మనసంతా తన మీదే పెట్టుకుని, లోపలి దడే బయటికి కనిపిస్తోందని నమ్మి, దాన్ని దాచడానికి అతిజాగ్రత్తలు పడితే భయం తగ్గే అవకాశమే రాదు.

చిబా యూనివర్సిటీవాళ్లు 2016లో ప్రచురించిన ట్రయల్ కూడా ఈ దారిలోదే. డిప్రెషన్ మందులు వాడినా సోషల్ యాంగ్జైటీ తగ్గని 42 మందిని తీసుకున్నారు. సగం మందికి మామూలు వైద్యం, మిగతా సగానికి దానితో పాటు 16 వారాలు విడివిడిగా సీబీటీ. సీబీటీ కలిపినవాళ్లలో నూటికి 85 మందికి పైగా చెప్పుకోదగ్గ మెరుగు కనిపించింది, రెండో వైపు నూటికి 10 మందిలోనే. 42 మంది అంటే చిన్న లెక్కే, అది కూడా ఒక్కచోటే. వ్యాసంలో ఆ ముక్క తప్పకుండా రాయండి. అంతకుముందు 2007లో నగోయా సిటీ యూనివర్సిటీవాళ్లు 57 మందికి గుంపుగా సీబీటీ చేశారు, మధ్యలో మానేసినవాళ్లు 8 మందే. నలుగురిని చూస్తేనే హడలిపోయేవాళ్లను గుంపులో కూర్చోబెడితే ఇంతమంది చివరిదాకా ఉండడం నాకు ముచ్చటేసింది.

ఇందులో వీడియో పని ఒకటి ఉంది, అది పాఠకులకు బాగా పడుతుంది. పేషెంటు కొత్త మనిషితో కాసేపు మాట్లాడతాడు, దాన్ని రికార్డు చేస్తారు. చూపించేముందు "నీ గొంతు ఎంత వణికినట్టుంటుంది, ముఖం ఎంత ఎర్రగా ఉంటుంది, నూటికి మార్కులెయ్యి" అంటారు. తర్వాత టీవీలో ముక్కూమొహం తెలియనివాణ్ణి చూస్తున్నట్టు చూడమంటారు. తను వేసుకున్న మార్కులకూ, తెర మీద కనిపించేదానికీ పొంతన ఉండదు.

విజయనగరం మాస్టారు:
డాక్టరు గారూ, ఆ "ఎర్రగా" దగ్గర జాగ్రత్త. తెలుగులో ముఖం ఎర్రబడిందంటే కోపమొచ్చిందని. కందగడ్డ అయిందన్నా కోపమే. బుగ్గలు ఎరుపెక్కాయంటే పెళ్లికూతురు. సెకిమెన్ క్యోఫుని "ముఖం ఎర్రబడుతుందన్న భయం" అని ఊరికే రాస్తే, కోపిష్టివాడని అనుకుంటారేమోనన్న భయంగా చదువుకుంటారు. "సిగ్గుతో ముఖం కందిపోవడం నలుగురికీ కనిపిస్తుందన్న భయం" అని పొడుగ్గా రాసినా తప్పులేదు.

వరంగల్ పాఠకురాలు:
మా దిక్కు భయాన్ని బుగులు అంటం. "నలుగుట్ల మాట్లాడాలంటే బుగులైతది" అని మా ఇంట్ల రోజూ వినే మాటనే. మీరు అందరూ "నలుగురు, నలుగురు" అని ఎన్నిసార్లు రాసిన్రో చూసుకోండి. మాట మీ దగ్గరనే ఉంది కదా.

చిబా నుంచి ఒక సభ్యుడు:
అక్కా, దండాలు! షకోకి నేను పైన "నలుగురితో కలవడం" అని అర్థం రాసి కూడా గమనించలేదు. నలుగురు అంటే లెక్కకు నాలుగే అయినా మనకు లోకమంతా. రెండు రకాల భయాలకూ ఇదే సరిపోతుంది. "నలుగురూ నన్నేమనుకుంటారో" అన్నది పాశ్చాత్య పుస్తకాల్లో మొదటినుంచీ ఉన్న రకం. "నా వల్ల నలుగురికీ ఇబ్బంది" అన్నది తైజిన్ క్యోఫుషోలో బాగా కనిపించే రకం.

హైదరాబాద్ అనువాదకురాలు:
అయితే "నలుగురి భయం". ఖాయం చేసేయనా?

విజయనగరం మాస్టారు:
ఒక్క విభక్తి మార్చండి. "వాడికి నలుగురి భయం కూడా లేదు" అంటే సిగ్గూశరం లేనివాడని. అంటే నలుగురి భయం ఉండడం మంచి గుణం కిందే లెక్క. "నలుగురిలో భయం" అంటే ఆ గొడవ లేదు, ఆ భయం ఎక్కడ పుడుతుందో కూడా తెలుస్తుంది.

గుంటూరు డాక్టరు:
నాకూ సమ్మతమే. తోక మాత్రం "రుగ్మత" వద్దు. జపాన్ వాళ్లు షోగాయ్ వదిలించుకున్నట్టే మనమూ వదిలించుకుందాం. "జబ్బు" అంటే చాలు. జబ్బు అన్నాక తగ్గుతుందన్న ఆశ కూడా ఉంటుంది.

చిబా నుంచి ఒక సభ్యుడు:
వ్యాసానికి పనికొచ్చే ఒక ముక్క. జపాన్ ఆరోగ్య బీమా 2010లో సీబీటీని డిప్రెషన్ లాంటి వాటికి చేర్చింది. 2016లో సోషల్ యాంగ్జైటీకీ, ఉన్నట్టుండి భయం ముంచుకొచ్చే పానిక్‌కీ, చేసిందే మళ్లీ మళ్లీ చేయించే ఓసీడీకీ, ఘోరమైన అనుభవం తర్వాత వచ్చే పీటీఎస్‌డీకీ విస్తరించింది. ఒక్కో విడత అరగంటకు తగ్గకూడదు, మొత్తం 16 విడతల వరకు. మొరిత చికిత్స కూడా పోలేదు, దానిది వేరే దారి. ఆసుపత్రిలో చేర్చుకుని చేసే పాత పద్ధతిలో మొదట వారం రోజులపాటు ఒంటరిగా మంచం మీద పడుకోబెట్టి, తర్వాత కొంచెం కొంచెంగా పనిలో పెడతారు. ఆలోచన తప్పా ఒప్పా అని తేల్చే పని పెట్టుకోరు. భయాన్ని ఉన్నదున్నట్టు ఉండనిచ్చి, చేతిలో పని చేసుకోమంటారు. దాన్ని అరుగమామ అంటారు. "ఉన్నదున్నట్టు" అని రాసేయండి, ఇంతకన్నా సరిపోయే మాట ఉండదు.

హైదరాబాద్ అనువాదకురాలు:
మొదటి వాక్యం ఇలా మార్చాను: "నలుగురిలో భయం అనే జబ్బుకు జపాన్‌లో రెండుసార్లు పేరు మార్చారు, చికిత్స మాత్రం రెండు దారుల్లో నడుస్తోంది." మా మేనత్తకి చదివితే "ఇది మన పెద్దోడికి ఉన్నదే కదా" అంది. హెడ్డింగ్‌లోనూ ఇదే పెడుతున్నాను.

గుంటూరు డాక్టరు:
హెడ్డింగ్ కింద చిన్న అక్షరాల్లో సోషల్ యాంగ్జైటీ డిజార్డర్ అని కూడా ఉంచండమ్మా. చదివినవాళ్లు తమ ఇంట్లో పెద్దోణ్ణి డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే, చీటీ మీద రాసేది ఆ పేరే.