బంకమట్టిలో జీపీఆర్: మీటరు దాటితే ఏమీ కనబడట్లేదు, ఏం చేయాలి?

పాత పునాదులు ఎక్కడున్నాయో తవ్వకుండా తెలుసుకుందామని జీపీఆర్ (నేలలోకి రేడియో తరంగాలు పంపి లోపలున్నవి చూసే రాడార్) సర్వే చేస్తున్నాం. యాంటెన్నా 400 మెగాహెర్ట్జ్. ఇసుక నేలలో బాగానే వస్తోంది. బంకమట్టి ఉన్నచోట మాత్రం మీటరు లోపే సిగ్నల్ చచ్చిపోతోంది. గెయిన్ (సిగ్నల్‌ని పెంచి చూపే సెట్టింగ్) పెంచితే గోల పెరుగుతోంది తప్ప లాభం లేదు. తడి బంకమట్టిలో విద్యుత్ వాహకత ఎక్కువ కాబట్టి తరంగాలను మింగేస్తుందని తెలుసు. మరి 200 మెగాహెర్ట్జ్ యాంటెన్నాకి దిగితే నిజంగా తేడా ఉంటుందా, లేక నేల ఎండేదాకా ఆగడమే మేలా? నేలలోకి కరెంటు పంపి దాని నిరోధాన్ని కొలిచే రెసిస్టివిటీ సర్వేకి మారమనేవాళ్లూ ఉన్నారు.

ఇంకోటి, లోతు లెక్కకి తరంగ వేగం నానోసెకనుకి 0.1 మీటరు పెట్టాం. తడి మట్టిలో అది 0.06 దాకా పడిపోవచ్చు, అంటే లోతు ఎక్కువగా చూపిస్తున్నట్టే కదా? ఒక గొట్టం మీద హైపర్బోలా (రాడార్ చిత్రంలో కనబడే వంపు గీత) స్పష్టంగా వచ్చింది. ఆ వంపుకి సరిపోయేలా లెక్కగట్టిన వేగాన్ని స్థలమంతటికీ వాడొచ్చా? ఇలాంటి నేలలో పనిచేసినవాళ్లు చెప్పండి.