లైనక్స్ నుంచి ఓపీసీ యూఏ సర్వర్‌కి: ఎండ్‌పాయింట్లు కనిపిస్తున్నాయి, సెషన్ మాత్రం తెరుచుకోవట్లేదు

ప్రశ్న: లైన్4_గేట్‌వే

ఫ్యాక్టరీ యంత్రాల డేటాని కంప్యూటర్ల మధ్య పంపే ప్రోటోకాల్ ఓపీసీ యూఏతో ఒక సర్వర్‌కి కనెక్ట్ కావాలి. సర్వర్ వైపు విండోస్ సర్వర్ 2019, దాని మీద కెప్‌సర్వర్‌ఈఎక్స్ (యంత్రాల డేటాని ఓపీసీ యూఏగా ఇచ్చే సాఫ్ట్‌వేర్), యూఏ పోర్టు 49320. మెషీన్ పేరు స్కాడా01, ఐపీ 192.168.10.20. క్లయింట్ జావాలో, ఎక్లిప్స్ మైలో అనే ఓపీసీ యూఏ లైబ్రరీతో రాసింది. ఉబుంటు 22.04 గేట్‌వే మీద డాకర్ కంటెయినర్‌లో నడుస్తుంది.

అదే సబ్‌నెట్‌లో ఉన్న విండోస్ ల్యాప్‌టాప్‌లో యూఏఎక్స్‌పర్ట్ (పరీక్షకి వాడే యూఏ క్లయింట్) వెంటనే కనెక్ట్ అవుతోంది. కంటెయినర్ నుంచి ఐపీ ఇస్తే ఎండ్‌పాయింట్ల (సర్వర్ అడ్రస్, సెక్యూరిటీ పద్ధతుల) జాబితా వస్తోంది గానీ, సెషన్ దగ్గరకొచ్చేసరికి అన్‌నోన్‌హోస్ట్ ఎక్సెప్షన్ (ఆ పేరుతో మెషీన్ దొరకలేదనే ఎర్రర్). గేట్‌వే హోస్ట్స్ ఫైల్లో పేరు రాసి, డాకర్ లేకుండా జార్‌ని (జావా ప్రోగ్రామ్ ఫైలుని) నేరుగా నడిపితే ఆ ఎర్రర్ పోయింది, దాని బదులు బ్యాడ్‌సెక్యూరిటీచెక్స్‌ఫెయిల్డ్ వస్తోంది. పరీక్ష కోసం సెక్యూరిటీ 'నన్' (ఏ రక్షణా లేని మోడ్) పెడితే డేటా వస్తోంది.

నన్‌తోనే వదిలేయొచ్చా? యూఏకి ముందున్న పాత ఓపీసీ డీఏ వైపు వెళ్తే సులువని మా టీమ్‌లో ఒక మాట ఉంది. అది నిజమేనా?

జవాబు: పోర్ట్4840

మీకు ఉన్నవి రెండు వేర్వేరు సమస్యలండీ. ముందు మొదటిది.

యూఏ క్లయింట్ ముందుగా గెట్‌ఎండ్‌పాయింట్స్ అడుగుతుంది. జవాబులో సర్వర్ తన అడ్రస్‌ని తనకు తెలిసిన మెషీన్ పేరుతో ఇస్తుంది, మీరు ఏ ఐపీతో వచ్చారో దానికి పట్టదు. మైలో ఆ వచ్చిన అడ్రస్‌నే పట్టుకుని రెండో కనెక్షన్ తెరుస్తుంది. డీఎన్‌ఎస్‌లో పేరు లేకపోయినా ఒకే సబ్‌నెట్‌లో ఉన్న విండోస్ మెషీన్లు నెట్‌బయాస్, ఎల్‌ఎల్‌ఎమ్‌ఎన్‌ఆర్ అనే పేరు వెతికే పద్ధతుల ద్వారా ఒకదాన్నొకటి కనుక్కుంటాయి. మీ కంటెయినర్‌కి ఆ దారులు లేవు. ల్యాప్‌టాప్‌లో పనిచేసి ఇక్కడ పనిచేయకపోవడానికి ఇదే కారణం.

రెండు మార్గాలున్నాయి. ఒకటి, కోడ్‌లో ఎండ్‌పాయింట్‌యుటిల్ క్లాసులోని అప్‌డేట్‌యుఆర్‌ఎల్ ఫంక్షన్‌తో, వచ్చిన ఎండ్‌పాయింట్‌లో పేరు తీసేసి ఐపీ పెట్టడం. రెండోది, పేరు తెలిసేలా చేయడం. నేను రెండోదే చేయమంటాను. సర్వర్ సర్టిఫికెట్‌లో (అది ఎవరో నిరూపించే డిజిటల్ పత్రంలో) సాధారణంగా మెషీన్ పేరే ఉంటుంది, ఐపీ ఉండదు. క్లయింట్‌లో హోస్ట్‌నేమ్ తనిఖీ ఆన్‌లో ఉంటే, ఐపీతో వెళ్లగానే బ్యాడ్‌సర్టిఫికెట్‌హోస్ట్‌నేమ్‌ఇన్‌వాలిడ్ వస్తుంది. అప్పుడు చాలామంది ఆ తనిఖీనే ఆపేస్తారు, అలా చేయకండి.

ఇంకొకటి, గేట్‌వే హోస్ట్స్ ఫైల్ కంటెయినర్‌కి కనిపించదు. డాకర్ కంపోజ్ ఫైల్లో (కంటెయినర్ సెట్టింగుల ఫైల్లో) ఎక్స్‌ట్రా_హోస్ట్స్ కింద స్కాడా01:192.168.10.20 అని ఇవ్వాలి.

అసలు జాబితా కూడా రానివాళ్లకి ఒక మాట. ఎన్‌సీ కమాండ్‌తో 49320కి తట్టి చూడండి. చాలాసేపు ఆగి టైమౌట్ అయితే దాదాపు ఎప్పుడూ ఫైర్‌వాలే. వెంటనే 'రిఫ్యూజ్డ్' వస్తే ఆ ఐపీ మీద ఆ పోర్టులో ఎవరూ వినట్లేదని అర్థం: ఎండ్‌పాయింట్ వేరే నెట్‌వర్క్ కార్డుకి కట్టి ఉంటుంది, లేదా మార్చాక కెప్‌సర్వర్ రన్‌టైమ్‌ని రీఇనిషియలైజ్ చేసి ఉండరు.

జవాబు: ట్రస్ట్_లిస్ట్

బ్యాడ్‌సెక్యూరిటీచెక్స్‌ఫెయిల్డ్ గురించి. సర్వర్ కావాలనే అసలు కారణం చెప్పదు, బయటివాళ్లకి ఆధారం దొరకకూడదని. కాబట్టి క్లయింట్ లాగ్‌ని ఎంత తవ్వినా లాభం లేదు, సర్వర్ వైపే చూడాలి. కెప్‌సర్వర్‌లో ఓపీసీ యూఏ కాన్ఫిగరేషన్ మేనేజర్ తెరిచి, ట్రస్టెడ్ క్లయింట్స్ ట్యాబ్‌లో మీ సర్టిఫికెట్ ఎర్ర గుర్తుతో ఉందేమో చూడండి. ఉంటే ట్రస్ట్ నొక్కి మళ్లీ ప్రయత్నించండి.

ట్రస్ట్ చేశాక కూడా రాకపోతే సర్టిఫికెట్‌ని ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌తో టెక్స్ట్‌గా తెరవండి. ఆల్టర్నేటివ్ నేమ్ భాగంలో ఉన్న యూఆర్‌ఐ, కోడ్‌లో సెట్‌అప్లికేషన్‌యూఆర్‌ఐకి ఇచ్చింది, ఈ రెండూ ఒక్క అక్షరం తేడా లేకుండా కలవాలి. పెద్ద బడి, చిన్న బడి అక్షరాల తేడాకి కూడా బ్యాడ్‌సర్టిఫికెట్‌యూఆర్‌ఐఇన్‌వాలిడ్ వస్తుంది. కీ యూసేజ్‌లో డిజిటల్ సిగ్నేచర్, నాన్ రెప్యుడియేషన్, కీ ఎన్‌సైఫర్‌మెంట్, డేటా ఎన్‌సైఫర్‌మెంట్ నాలుగూ ఉండాలి. వెబ్‌సైట్‌కి చేసిన సర్టిఫికెట్‌ని ఇక్కడ వాడేవాళ్లు చిక్కుకునేది ఇక్కడే. పాలసీ బేసిక్256ఎస్‌హెచ్‌ఏ256 ఎంచుకుని, ఆర్‌ఎస్‌ఏ కీ 2048 బిట్లు పెట్టండి. బేసిక్128ఆర్‌ఎస్‌ఏ15, బేసిక్256 రెండూ కాలం చెల్లినవి.

బ్యాడ్‌సర్టిఫికెట్‌టైమ్‌ఇన్‌వాలిడ్ వస్తే గడియారాలు చూడాలి. ప్లాంట్ నెట్‌వర్క్‌కి ఇంటర్నెట్ ఉండదు కాబట్టి గేట్‌వేకి టైమ్ ఎక్కడి నుంచీ రాదు. మన దగ్గర తరచూ కనిపించేది సరిగ్గా 5 గంటల 30 నిమిషాల తేడా: ఎవరో యూటీసీ ఉండాల్సిన చోట భారత కాలమానం పెట్టి ఉంటారు. అప్పుడే చేసిన సర్టిఫికెట్ సర్వర్‌కి ఇంకా మొదలే కాని దానిలా కనిపిస్తుంది. క్రోనీని (లైనక్స్‌లో గడియారం సరిచేసే ప్రోగ్రామ్‌ని) ప్లాంట్‌లోని టైమ్ సర్వర్‌కి కట్టండి.

నన్ మాత్రం వద్దండీ. ఆ మోడ్‌లో సంతకమూ లేదు, ఎన్‌క్రిప్షనూ లేదు. సర్వర్‌లోని ట్యాగుల్లో (డేటా విలువల్లో) రాయడానికి అనుమతి ఉన్నది ఒక్కటున్నా, నెట్‌వర్క్‌లో చేరిన ఎవరైనా సెట్‌పాయింట్ (యంత్రానికి పెట్టిన లక్ష్య విలువ) మార్చేయొచ్చు.

లైన్4_గేట్‌వే:

ఎక్స్‌ట్రా_హోస్ట్స్ పెట్టి, ట్రస్ట్ నొక్కాక సైన్ అండ్ ఎన్‌క్రిప్ట్‌తో కనెక్ట్ అయింది. కానీ కంటెయినర్‌ని తీసేసి మళ్లీ లేపితే అదే ఎర్రర్, ట్రస్టెడ్ క్లయింట్స్‌లో ఇంకో ఎర్ర గుర్తు.

జవాబు: ట్రస్ట్_లిస్ట్

కీస్టోర్ (క్లయింట్ సర్టిఫికెట్, కీ ఉండే ఫైలు) కంటెయినర్ లోపలే ఉంది. పాత కంటెయినర్‌తోపాటు అదీ పోతోంది, ఫైలు కనపడక కోడ్ కొత్త సర్టిఫికెట్ తయారుచేస్తోంది. ట్రస్ట్ అనేది పేరుకి కాదు, ఆ సర్టిఫికెట్ థంబ్‌ప్రింట్‌కి (దాని వేలిముద్ర లాంటి కోడ్‌కి). కీస్టోర్ ఫోల్డర్‌ని వాల్యూమ్‌గా మౌంట్ చేయండి, పాత ఎంట్రీలన్నీ సర్వర్‌లో తీసేయండి.

జవాబు: డీకామ్_పాతకాపు

ఓపీసీ డీఏ సులువనే మాటకి జవాబు: లైనక్స్ నుంచి అయితే అస్సలు కాదు. డీఏ నడిచేది డీకామ్ (విండోస్ మెషీన్ల మధ్య ప్రోగ్రాములు మాట్లాడుకునే మైక్రోసాఫ్ట్ పద్ధతి) మీద. పోర్టు 135తో మొదలై, ఆ తర్వాత 49152–65535 మధ్య ఏదో ఒకటి అప్పటికప్పుడు తెరుచుకుంటుంది. ఫైర్‌వాల్ చూసేవాళ్లు దీనికి ఒప్పుకోరు, ఒప్పుకోకూడదు కూడా. పైగా సీవీఈ-2021-26414 అనే భద్రతా లోపానికి మైక్రోసాఫ్ట్ తెచ్చిన డీకామ్ కట్టుదిట్టం 2022 జూన్‌లో డిఫాల్ట్‌గా ఆన్ అయింది, 2023 మార్చి అప్‌డేట్‌తో ఆపే వీలు కూడా పోయింది. ప్యాకెట్ ఇంటెగ్రిటీ (ప్రతి ప్యాకెట్ దారిలో మారలేదని తనిఖీ చేసే స్థాయి) కన్నా తక్కువ స్థాయిలో వచ్చే క్లయింట్లని సర్వర్ తోసేసి, సిస్టమ్ లాగ్‌లో ఈవెంట్ 10036 రాస్తుంది. జావాలో డీకామ్ మాట్లాడే పాత లైబ్రరీలు పడిపోయేది ఇక్కడే. డీఏ మాత్రమే ఉన్న సర్వర్ అయితే, దాన్ని యూఏగా మార్చే గేట్‌వేని అదే విండోస్ మెషీన్ మీద పెట్టి, డీకామ్‌ని ఆ మెషీన్ దాటనివ్వకండి.

జవాబు: పోర్ట్4840

కంటెయినర్‌ని ఆపేటప్పుడు డిస్‌కనెక్ట్ పిలుస్తున్నారో లేదో కూడా చూసుకోండి. డాకర్ స్టాప్ మామూలుగా 10 సెకన్లు ఆగి ప్రాసెస్‌ని చంపేస్తుంది. సెషన్ మూయకుండా పోతే, దాని టైమౌట్ అయ్యేదాకా సర్వర్‌లో అలాగే ఉంటుంది. రీస్టార్ట్ లూప్‌లో పడితే అవి పేరుకుపోయి బ్యాడ్‌టూమెనీసెషన్స్ వస్తుంది. షట్‌డౌన్ హుక్‌లో డిస్‌కనెక్ట్ పెట్టి, సెషన్ టైమౌట్ 60 సెకన్లకి తగ్గించండి.