కయాక్ తెడ్డు: కార్బన్‌ది కొనాలా, చెక్కతో చేసుకోవాలా?

సియాటిల్_శ్రీను: ఆగస్టులో సియాటిల్‌కి ఉత్తరాన ఉన్న శాన్ హువాన్ దీవుల్లో నాలుగు రోజుల కయాక్ యాత్ర పెట్టుకున్నాం. నా దగ్గరున్నది 230 సెంటీమీటర్ల ఫైబర్‌గ్లాస్ తెడ్డు. రెండు గంటలు వేసేసరికి కుడి మణికట్టు లాగేస్తోంది. తేలికైన కార్బన్‌ది కొననా, గ్రీన్‌లాండ్ తరహా చెక్క తెడ్డు చేసుకోనా?

చెక్కపని_రాజు: చేసుకోండి. నేను మూడు చేశాను. కొలత మనకు తెలిసిందే: ఒక బార, పైన ఒక మూర. అక్కడి ఇన్యూట్‌లు టేపు లేకుండా ఒంటితోనే కొలుచుకున్నారు. ముడుల్లేని రెడ్ సీడర్ చెక్క, టూ-బై-ఫోర్ (రెండు బై నాలుగు అంగుళాల) సైజుది ఒకటి చాలు. రెక్క వెడల్పు మూడున్నర అంగుళాలు దాటకూడదు, చేతిలో ఇమడాలి.

కెరటం77: మూడున్నర అంగుళాల బద్దతో ఎదురుగాలిలో ఏం లాగుతారు?

చెక్కపని_రాజు: వెడల్పే చూస్తున్నారు, పొడవు చూడండి. రెక్క దాదాపు పిడి దాకా వస్తుంది. పై అంచును కాస్త ముందుకు వాల్చి వేస్తే తెడ్డు నీళ్ళలో వణకదు.

గోదారి_పిల్ల: శ్రీను గారూ, రెండు చివర్ల రెక్కల మధ్య కోణం, అంటే ఒకదానికి రెండోది ఎంత తిరిగి ఉందో, ఎంత పెట్టారు?

కెరటం77: మూడున్నర అంటే మూడున్నరే. పోయినేడు మా గుంపులో ఒకాయన కొత్తగా చేసుకున్న చెక్క తెడ్డుతో వచ్చాడు. ఆయన కోసం ఆగీ ఆగీ, దీవుల మధ్య దాటేలోపే పోటు తిరగబడింది. ఎండాకాలంలోనూ అక్కడి నీళ్ళు ఒళ్ళు కొయ్యబారేంత చల్లన. మా అబ్బాయి భయంతో ఏడ్చేశాడు. ఆ గంట నేను మర్చిపోలేను.

చెక్కపని_రాజు: ఆ నేరం చెక్క మీద వేయకండి! నాకు భుజం ఆపరేషన్ అయింది. వెడల్పు రెక్క ఒక్కసారిగా నీళ్ళు పట్టేస్తే తట్టుకోలేను. నన్ను మళ్ళీ నీళ్ళ మీదికి తెచ్చింది ఈ సన్న రెక్కే. అలాంటిది ఒక ట్రిప్‌లో అందరి ముందూ "ఆ కర్రతో మా వెంట రావద్దు" అన్నారు.

కెరటం77: భుజం సంగతి నాకు తెలియదు. అలా అనడం తప్పే. నా బాధ చెక్కతో కాదు రాజు గారూ, చేతికి అలవాటు కాని తెడ్డుతో గుంపులోకి రావడం గురించి.

చెక్కపని_రాజు: అది ఒప్పుకుంటాను. కానీ గుంపు వెనకబడినవాడి వేగంతోనే నడవాలి.

కెరటం77: పోటు ఎవరి కోసమూ ఆగదండీ. ఆ వేగంతో సమయానికి దాటలేమనిపిస్తే ఒడ్డునే చెప్పాలి.

సియాటిల్_శ్రీను: గోదారి_పిల్ల గారూ, ఇప్పుడే చూశాను. 60 డిగ్రీలు. కొన్నప్పటి నుంచి అలాగే ఉంది.

గోదారి_పిల్ల: ముందు సున్నాకి తిప్పి ఒక వారం వేసి చూడండి. ఆ కోణంలో ఎడమ వేటు వేసిన ప్రతిసారీ కుడి మణికట్టును మెలిపెడుతున్నారు. పిడిని గట్టిగా బిగించి పట్టుకోకండి కూడా.

చెక్కపని_రాజు: చెక్క తెడ్డుకి ఆ కోణమే ఉండదు. శనివారం మా గ్యారేజీకి రండి శ్రీను గారూ. పిడి దగ్గర చిత్రిక పట్టేటప్పుడు కళ్ళు మూసుకుని తడమాలి, ఎక్కడ ఎత్తుందో వేళ్ళకే తెలుస్తుంది.

కెరటం77: చేసుకోండి. యాత్రకు మాత్రం పాతది కూడా డెక్ మీద కట్టుకుని వెళ్ళండి.